43 కండెన్సర్లు మార్చినా పోని చిటపట

మా మేనమామ 1981లో జెద్దా నుంచి వస్తూ ఒక జపాన్ స్టీరియో రిసీవర్ తెచ్చాడు. ఛానెల్‌కి 35 వాట్లు. ముందు మందపాటి అల్యూమినియం పలక, ఆకుపచ్చ వెలుగులో డయల్, తిప్పితే చేతికి బరువు తెలిసే ట్యూనింగ్ నాబ్. నిజామాబాద్‌లో వాళ్ల ముందు గదిలో దాని మీద ఎప్పుడూ అల్లిక గుడ్డ కప్పి ఉండేది. పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇల్లు అమ్మి హైదరాబాద్ వచ్చేసినప్పుడు అది అటకెక్కి, పన్నెండేళ్లు అక్కడే ఉండిపోయింది. ఒకరోజు ఫోన్ చేసి "పాత సామానోనికి ఇస్తున్నరా, నీకు కావాల్నా?" అన్నాడు. వెంటనే ఆటో మాట్లాడుకుని వెళ్లి తెచ్చుకున్నాను.

సెట్ పాడింది. కానీ కుడి స్పీకర్‌లో వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఒకటే చిటపట. ఎవరిని అడిగినా ఒకే సలహా: నలభై ఏళ్ల సెట్ కదా, కండెన్సర్లన్నీ (కరెంటుని కాసేపు నిలవ ఉంచుకునే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) మార్చెయ్. మార్చేశాను. 43 కండెన్సర్లు, నాలుగు రాత్రులు. చిటపట అలాగే ఉంది. పైగా అంతకుముందు లేని రెండు కొత్త జబ్బులు వచ్చాయి.

ఆ నాలుగు రాత్రులు నేర్పింది ఒక్కటే. కొలిచి చూడకుండా పాత సెట్ లోంచి ఏ భాగమూ పీకకూడదు. ఇది చాలామందికి నచ్చని మాటని తెలుసు. ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెప్తాను.

రిసీవర్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. రేడియో ట్యూనర్, రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో భాగం, బాస్, ట్రెబుల్ నాబ్‌లు, స్పీకర్లను నడిపే పవర్ యాంప్లిఫయర్, ఇవన్నీ ఒకే పెట్టెలో ఉంటే అది రిసీవర్. 1970లలో మరాంజ్, పయనీర్, సాన్‌సుయ్, కెన్‌వుడ్, యమహా దీనిమీద గట్టిగా పోటీపడ్డాయి. 1978లో వచ్చిన పయనీర్ ఎస్‌ఎక్స్-1980 ఛానెల్‌కి 270 వాట్లు, బరువు 35 కిలోలు. మన ఇళ్లకి ఇలాంటి సెట్లు ఎక్కువగా గల్ఫ్ దారిలోనే వచ్చాయి. అలా వచ్చినవాటిలో చాలావాటికి వెనక వోల్టేజ్ మార్చుకునే చిన్న చక్రం ఉంటుంది: 110, 120, 220, 240. ఎఫ్‌ఎం కూడా 88 నుంచి 108 దాకా ఉంటుంది కాబట్టి మన స్టేషన్లన్నీ పలుకుతాయి. జపాన్ వాళ్లు తమ దేశంలో అమ్ముకున్న సెట్ అయితే 100 వోల్టులది, ఎఫ్‌ఎం డయల్ 76 నుంచి 90 వరకే. అందులో వివిధ్ భారతి 102.8 ఎంత తిప్పినా రాదు. అంత దూరం డయలే లేదు.

ఎర్రగడ్డ ఆదివారం సంతకి పొద్దున్నే వెళ్తే ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక సెట్ కనిపిస్తుంది. అమ్మేవాడి మొదటి మాట "చాలూ హై సార్, లగాకే దేఖో". పక్క షాపు నుంచి లాగిన వైరు చేతిలో రెడీగా ఉంటుంది. కొనేవాడికి కూడా అదే తొందర, పెట్టు, పాట వినిపించు అని. దయచేసి వద్దనండి. పదేళ్లు మూలన పడున్న సెట్‌కి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే, అప్పటిదాకా బాగున్న పవర్ ట్రాన్సిస్టర్లు కూడా ఆ ఒక్క క్షణంలో పోవచ్చు. లోపల ఎక్కడో ఒక షార్ట్ ఉంటే చాలు.

ప్లగ్ పెట్టకుండానే తెలిసేది చాలా ఉంది. నేను ముందు ఎత్తి చూస్తాను, ఎంత బరువుంటే ట్రాన్స్‌ఫార్మర్ అంత పెద్దది. తర్వాత గాలి రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాను. కాలిన వార్నిష్ వాసన ఒకసారి పడితే ఏళ్ల తరబడి పోదు. ఆ వాసనొస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ వదులుకోవచ్చు. 120 వోల్టుల అమెరికా సెట్‌ని నేరుగా మన ప్లగ్‌లో పెట్టి చంపేసినవి ఇలాగే దొరుకుతాయి. స్క్రూ తలలు చూస్తాను. తలలు అరిగిపోయి ఉంటే చాలా చేతులు మారిందని అర్థం. అడుగున పొడవు కురచ కలిసిన వేరువేరు స్క్రూలుంటే ఇంకా అనుమానించాలి.

ఫ్యూజ్ తప్పనిసరిగా చూస్తాను. గాజు ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంటే, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంటే, ఎవరో పదే పదే ఫ్యూజ్ పోతోందని విసిగిపోయి చేసిన పని అది. ఫ్యూజ్ ఊరికే పోదు కదా. ఒకసారి ఇలాంటి సెట్‌నే మూత తీసి చూస్తే పవర్ సప్లై బోర్డు మీద ఎండిపోయిన బల్లి అడ్డంగా పడి ఉంది, రెండు సోల్డరింగ్‌ల మధ్య వంతెన కట్టినట్టు. దాని చుట్టూ బోర్డు నల్లగా మాడిపోయింది.

హైదరాబాద్ సెట్లకి ఒక అదృష్టం ఉంది, ఇక్కడి గాలిలో ఉప్పు లేదు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్క ఇంట్లో ఉన్న సెట్ తెరిస్తే చాసిస్ మీద తుప్పు, స్విచ్ కాంటాక్ట్‌ల మీద చిలుము ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా ఉండేది దుమ్మే. దుమ్ము బ్రష్‌తో పోతుంది.

ఇంకొకటి. పవర్ యాంప్లిఫయర్ విడి ట్రాన్సిస్టర్లతో కట్టిందా, ఎస్‌టీకే ఐసీతో, అంటే యాంప్లిఫయర్ భాగాలన్నీ ఒకే ముక్కలో పోతపోసిన మాడ్యూల్‌తో కట్టిందా అని చూడాలి. 70ల చివర, 80ల మొదట్లో చాలా సెట్లలో సాన్యో వాళ్ల ఎస్‌టీకే మాడ్యూళ్లు వచ్చాయి. బతికున్నంతకాలం అవి బాగానే పాడతాయి. పోతే మాత్రం అసలుది దొరకడం కష్టం, బజార్లో నకిలీలు ఎక్కువ. అందుకే ఎస్‌టీకే పోయిన సెట్‌ని ఎంత చవగ్గా ఇచ్చినా నేను తీసుకోను. విడి ట్రాన్సిస్టర్ల సెట్‌లో ఏది పోయినా దానికి సరిపడే ఇంకోటి వెతుక్కోవచ్చు.

సంతలో అందరూ అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" దీనిమీద నాకు చాలా పట్టింపు ఉంది. 90లలో మన బజార్లో రెండు చేతులకీ సరిపోయే ప్లాస్టిక్ డబ్బా మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని రాసి అమ్మేవాళ్లు. ఆ అంకెకి అర్థం లేదు. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే తీరు ఉండేది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన రూలు 1974 నవంబర్‌లో అమల్లోకి వచ్చాక, రెండు ఛానెళ్లూ ఒకేసారి నడుస్తుండగా ఆగకుండా ఇవ్వగలిగిన పవర్ ఎంతో, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకానో, డిస్టార్షన్ ఎంతో చెప్పాల్సి వచ్చింది. అందుకే 70ల రెండో సగంలో వచ్చిన సెట్ల మీది 35 వాట్లు నమ్మదగ్గ 35 వాట్లు. మన అపార్ట్‌మెంట్ హాల్‌కి అది ధారాళంగా చాలు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే, చెవికి కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది అంతే. కాబట్టి ఎక్కువ వాట్ల చెడిపోయిన సెట్ కంటే తక్కువ వాట్ల మంచి సెట్ కొనుక్కోండి.

ఇంటికి తెచ్చాక మొదటిసారి కరెంటు ఇవ్వడం సీరీస్ బోర్డు మీదే. ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిందే ఇది, కరెంటుకీ సెట్‌కీ మధ్య ఒక 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే కరెంటంతా బల్బులో ఖర్చయిపోయి బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్ బతుకుతుంది. లోపల అంతా బాగుంటే బల్బు ఒక్కసారి భగ్గుమని, పెద్ద కండెన్సర్లు నిండగానే మెల్లగా చల్లారి సన్నటి ఎర్రటి తీగలా మిగులుతుంది. ఆ చల్లారడం చూస్తున్న రెండు మూడు సెకన్లు నాకు ఇప్పటికీ టెన్షనే. తర్వాత స్పీకర్లని కలిపే స్విచ్, లోపలి రిలే, 'టక్' మంటుంది. ఆ టక్ అంటే, స్పీకర్ల వైపు ప్రమాదకరమైన డీసీ లేదని ప్రొటెక్షన్ సర్క్యూట్ ఒప్పుకుందన్నమాట.

సర్క్యూట్ ఒప్పుకున్నా నేను మీటర్‌తో చూస్తాను. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపుంటే సంతోషం, వంద దాటితే ఎందుకో కనుక్కోవాలి. తర్వాత బయాస్. పవర్ ట్రాన్సిస్టర్ల పక్కన తెల్లగా సుద్దముక్కల్లా ఉండే రెసిస్టెన్స్‌ల మీద ఎన్ని మిల్లీవోల్టులున్నాయో చూస్తే, పాట లేనప్పుడు వాటిలో ఎంత కరెంటు పారుతోందో తెలుస్తుంది. 0.47 ఓమ్ రెసిస్టెన్స్ మీద 10 మిల్లీవోల్టులంటే 21 మిల్లీఆంపియర్లు. అది ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ సెట్ల మీద నా ప్రేమకి అసలు కారణం కూడా ఆ మాన్యువలే. ఏ పాయింట్ దగ్గర ఎంత వోల్టేజ్ ఉండాలో సర్క్యూట్ బొమ్మ మీదే అచ్చేసి ఇచ్చారు. కట్టినవాళ్లు బాగుచేసేవాళ్ల కోసం అంత శ్రమపడి రాసిపెడితే, అది చూడకుండా కనపడిన కండెన్సరల్లా పీకడం నాకు బాధగా ఉంటుంది.

ఆ బాధకి నేనే కారణమయ్యాను కాబట్టి ఇక నా కథకి వస్తాను.

43 మార్చాక సీరీస్ బోర్డుకి తగిలిస్తే చల్లారాల్సిన బల్బు చల్లారలేదు. వెంటనే తీసేశాను. వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ బోర్డు మీద ఒక 100 మైక్రోఫారడ్ కండెన్సర్ వేలు పెడితే కాలేంత వేడిగా ఉంది, పైన మూత ఉబ్బింది. తిరగేసి పెట్టాను దాన్ని. బోర్డు మీద అచ్చయిన గుర్తు ప్లస్‌దా మైనస్‌దా అని చూసుకోలేదు, అర్ధరాత్రి దాటాక చేసిన పని. బల్బు లేకపోతే అది పేలడమే కాక రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్‌ని కూడా తీసుకుపోయేది. అది సరిచేశాక చూస్తే ఫోనోలో ఎడమ ఛానెల్ మూగబోయింది. ఈ సెట్లలో బోర్డులు ఎక్కువగా గోధుమరంగు కాగితపు రకం. వేడికి రాగి గీత అట్టముక్క మీద స్టిక్కర్‌లా లేచిపోతుంది. నేను పెట్టిన 86 సోల్డరింగ్‌లలో ఒకచోట అదే జరిగింది. వెంట్రుకంత తీగతో ఆ గీతని మళ్లీ కలపడానికి ఒక ఆదివారం పట్టింది.

చిటపట మాత్రం ఎప్పటిలాగే ఉంది. అప్పుడు కూర్చుని, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. చిటపట తగ్గలేదు. అంటే ఆ శబ్దం వాల్యూమ్ కంట్రోల్ తర్వాతే పుడుతోంది. ట్యూనర్, ఫోనో, అన్నీ నిర్దోషులు. నేను మార్చిన 43లో సగానికి పైగా ఆ నిర్దోషుల బోర్డుల్లోవే! మిగిలింది కుడివైపు పవర్ యాంప్లిఫయర్ బోర్డు. దాని మొదట్లో రెండు చిన్న ట్రాన్సిస్టర్లు పక్కపక్కన జంటగా ఉంటాయి. భాగాన్ని క్షణంలో చల్లబరిచే ఫ్రీజ్ స్ప్రే గొట్టం ఒకదానికి ఆనించి కొంచెం కొట్టాను. చిటపట ఒక్కసారిగా ఆగి, అది వేడెక్కాక మళ్లీ మెల్లగా మొదలైంది. భూతద్దంలో చూస్తే దాని కాళ్లు మూడూ బొగ్గులా నల్లబడి ఉన్నాయి. వెండి పూత కాళ్లున్న ఆ కాలపు చిన్న ట్రాన్సిస్టర్లు కొన్ని ఇలాగే నల్లబడి శబ్దం పెడతాయి. హిటాచీ 2ఎస్‌సీ458కి ఈ విషయంలో బాగా పేరు. జంట కాబట్టి రెండూ కలిపి కేఎస్‌సీ1845లతో మార్చాను. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్నవి రెండు ఏరి, కాళ్ల వరుస సరిచూసుకుని పెట్టాను. పట్టిన సమయం ఇరవై నిమిషాలు. అయిన ఖర్చు ఒక ప్లేటు మిర్చి బజ్జీ అంత కూడా లేదు. రోగమొకటి, నేను నాలుగు రాత్రులు వేసిన మందొకటి.

పీకేసిన పాత కండెన్సర్లని పారెయ్యకుండా ఒక స్టీలు డబ్బాలో వేసి ఉంచాను. తర్వాత కండెన్సర్ ఎండిపోయిందో లేదో చెప్పే ఈఎస్‌ఆర్ మీటర్ కొన్నాక ఒక్కొక్కటీ కొలిచాను. 43లో నిజంగా చెడిపోయినవి ఐదు. ఐదూ రెగ్యులేటర్ బోర్డు మీద వేడి రెసిస్టెన్స్‌లకి ఆనుకుని ఉన్నవే. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌కి శత్రువు వేడి. 10 డిగ్రీలు చల్లగా ఉంటే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు. పొయ్యి పక్కన ఉన్నది ఎండిపోయింది, దూరంగా ఉన్నది బాగానే ఉంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టినవి పవర్ సప్లైలోని రెండు పెద్ద డబ్బాలు, 10,000 మైక్రోఫారడ్లవి. పాతవి కొలిస్తే ఒకటి 10,600, రెండోది 10,200. వాటి స్థానంలో నేను డబ్బులు పెట్టి కొనుక్కొచ్చిన కొత్తవి 6,100, 5,900. చేతిలో పట్టుకున్నప్పుడే తేలిగ్గా ఉన్నాయని అనుమానించాల్సింది. ఒకదాని ప్లాస్టిక్ తొడుగు కోస్తే లోపల ఇంకో చిన్న కండెన్సర్, దానిమీద వేరే పేరు. పాతవాటిని శుభ్రం చేసి మళ్లీ వాటి చోట వాటినే బిగించాను. ఈ రోజుకీ అవే ఉన్నాయి.

గుజరాతీ గల్లీలో నలభై ఏళ్లుగా ఆడియో పని చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు, నాకు చాలా నేర్పారు. ఆయన నాతో ఒప్పుకోరు. "బాబూ, నువ్వు ఒక్క సెట్‌కి నెల తీసుకుంటవ్. నా కస్టమర్ పదిహేను రోజులకి మళ్లా మోసుకొస్తే ఆ పని పైసలెవరిస్తరు? ఒక్కసారే అన్నీ మార్చిపారేస్తే నాకూ నిద్ర, ఆయనకూ నిద్ర" అంటారు. ఆయన మాటలో న్యాయం ఉంది. షాపు అద్దె కట్టేవాడు ఒక్కో భాగాన్నీ కొలుస్తూ కూర్చోలేడు. రోజుకి ఎనిమిది గంటలు నడిచే సెట్ అయినా, మళ్లీ తెరవడానికి వీల్లేని ఊరికి పంపే సెట్ అయినా నేను కూడా ఎక్కువే మారుస్తాను. కానీ ఆయనకున్న చెయ్యి అందరికీ ఉండదు. ఆయన సోల్డరింగ్ చేస్తే రాగి గీత లేవదు. నకిలీ కండెన్సర్ ఆయన చేతిలో పడగానే తెలిసిపోతుంది. మనలాంటివాళ్లు ఇంట్లో టేబుల్ మీద చేసేటప్పుడు ప్రతి మార్పూ ఒక కొత్త తప్పుకి అవకాశం. పైగా 43 ఒకేసారి మార్చాక ఏదైనా చెడితే, పాత జబ్బా కొత్త జబ్బా అని కూడా చెప్పలేం.

అవతలి గట్టున ఇంకొందరున్నారు, దేన్నీ ముట్టుకోవద్దు, ఒరిజినల్‌గా ఉండాలి అనేవాళ్లు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కొలవకుండానే మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి. పగుళ్లు పట్టిన కరెంటు వైరు, పవర్ స్విచ్‌కి అడ్డంగా ఉండే చిన్న స్పార్క్ కండెన్సర్, తప్పుడు ఫ్యూజ్, బయాస్ సరిచేయడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్ లాంటి పాత ఓపెన్ ట్రిమ్మర్. ఈ ట్రిమ్మర్ విషయం గట్టిగా చెప్తున్నాను. నలభై ఏళ్ల కార్బన్ గీత మీద దాని ముల్లు పట్టు తప్పితే చాలా సర్క్యూట్లలో బయాస్ ఒక్కసారిగా పైకి పోతుంది, పవర్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఐదు రూపాయల భాగం అది. బోర్డు మీద ముదురు గోధుమరంగులోకి మారిన గట్టి జిగురు కనిపించినా గీకి తీసేయాలి, అది ముసలిదయ్యాక కరెంటు పారనిస్తుంది, భాగాల కాళ్లని తినేస్తుంది. ఇవన్నీ ఇంట్లో మనుషుల కోసం, పిల్లల కోసం చేసే పనులు. ఇక్కడ ఒరిజినల్ అన్న మాటకి తావు లేదు.

మూత తీసేవాళ్లకి ఇంకో మాట. ప్లగ్ తీసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠాప్‌మనిపించడం చాలామంది చేస్తారు, చెయ్యకండి. 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టెన్స్‌ని కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. అలాగే కరకరలాడే వాల్యూమ్‌లో తలుపు గడియలకి కొట్టే నూనె స్ప్రే కొట్టకండి, కాంటాక్ట్ క్లీనర్ వేరే దొరుకుతుంది. రెండు చుక్కలు వేసి నాబ్‌ని యాభైసార్లు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి. ట్యూనర్‌లో రంగు రంగుల చిన్న స్క్రూలు కనిపిస్తాయి, వాటి జోలికి అసలు పోవద్దు. పరికరాలు లేకుండా అవి తిప్పితే స్టేషన్లు చెల్లాచెదురైపోతాయి.

సెట్ బాగయ్యాక మామయ్యని ఇంటికి పిలిచాను. సోఫాలో కూర్చోకుండా నేరుగా దాని ముందుకెళ్లి నిలబడ్డాడు. ఏఎం ముల్లు ఇంకా హైదరాబాద్ కేంద్రం 738 దగ్గరే ఆగి ఉంది, ఎప్పుడో నిజామాబాద్‌లో ఆయన ఆపిన చోటే. ఎఫ్‌ఎంకి మార్చి ఆయనే నాబ్ తిప్పుకుంటూ 102.8 పట్టుకున్నాడు. స్టీరియో ఎర్ర లైట్ వెలిగింది. ఒక నిమిషం ఆగి, "గింత చిన్నగ పెట్టినవేందిరా?" అని వాల్యూమ్ పెంచాడు. డయల్ ఎడమ చివర ఒక బల్బు వెలగట్లేదని కూడా ఆయనే చూపించాడు. అది అప్పుడే, 1986లోనే పోయిందట.

ఇప్పుడు నా టేబుల్ మీద ఇంకో రిసీవర్ ఉంది, ఎర్రగడ్డ నుంచి 3,200కి తెచ్చాను. నిన్న రాత్రి సీరీస్ బోర్డుకి తగిలిస్తే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోయింది. ప్లగ్ తీసి, కండెన్సర్లు ఖాళీ చేసి, మీటర్ పెట్టాను. కుడి ఛానెల్ పవర్ ట్రాన్సిస్టర్లలో ఒకటి షార్ట్. ఎడమవైపు రెండూ బాగున్నాయి, రాసిపెట్టుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ ఇంకా సొరుగులోనే ఉంది. సర్వీస్ మాన్యువల్ దొరికాక తీస్తాను.